ఆయన చేతి బ్యాండు

గురువారం, మధ్యాహ్నం మూడు గంటలు

పూజ్యులైన వదినగారికి,

మరదలు నమస్కరించి రాయునది. ఇక్కడ నేను క్షేమం. మీ తమ్ముడి సంగతి కింద రాస్తున్నాను. ఫోన్లో మీరు నన్ను పూర్తిగా చెప్పనివ్వరు కనుక ఈ ఉత్తరం.

సముద్రం దగ్గర మీరు దిగిన ఫొటోలు చూశాను. తమ్ముడు నడిచి సంపాదించిన పాయింట్లతో అక్కను తిప్పాడని ఊరంతా చెప్పుకున్నారట. యాభై రెండేళ్ళ మనిషి రోజుకు పద్నాలుగు వేల అడుగులు వేస్తున్నాడు, నువ్వూ ఉన్నావు బండరాయిలా అని నన్ను దెప్పారు కూడా. వదినగారూ, ఆయన మంచం నుంచి కుర్చీకి, కుర్చీ నుంచి మంచానికి తప్ప నడవరు. అడుగులు లెక్కపెట్టి పాయింట్లు వేసే, ఆఫీసువాళ్ళిచ్చిన ఆ బ్యాండు రెండేళ్ళుగా నా చేతికి ఉంది. నేను పనిచేసే లాడ్జీలో దుప్పట్లు మోసుకుంటూ నాలుగంతస్తులు ఎక్కి దిగేది నేను. సెలవు రోజున అడుగులు పదివేలకు తగ్గితే కంచం ముందు నుంచి లేపి మేడమెట్లు ఎక్కించేవారు. తీరా ఆ పాయింట్లకు టికెట్లు ఇద్దరికే వస్తే మిమ్మల్ని తీసుకెళ్ళారు. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ రోజు ఏడ్చాను, దాచుకోను.

నిన్న పొద్దున ఆయనకు గుండెల్లో నొప్పి వచ్చింది. ఆఫీసు క్లినిక్కుకు తీసుకెళ్ళాను. డాక్టరుగారు ఆయన ఫోన్లో బ్యాండు పంపిన రెండేళ్ళ అడుగులూ, గుండె కొట్టుకున్న లెక్కలూ చూసి, ఈ వయసులో ఇంత గట్టి గుండె తాను చూడలేదన్నారు. అది నా గుండె. బుద్ధెరిగాక నన్నొకరు మెచ్చుకోవడం అదే మొదలు. నిజం చెబితే పాయింట్లతో పాటు ఉద్యోగమూ పోతుందని మీ తమ్ముడు నోరు మెదపలేదు. గ్యాస్ అయి ఉంటుందని మాత్రలిచ్చి ఇంటికి పంపారు. ఇప్పుడు పడుకుని ఉన్నారు. మీరు కంగారు పడకండి.

ఇట్లు,
మీ బండరాయి మరదలు

తా.క. డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి, ఈ అంకెలు నిజంగా ఆయనవేనా అని అడిగారు, కాకపోతే ఇప్పుడే పరీక్షలు చేసి ఆసుపత్రిలో చేర్పిస్తానన్నారు. ఆయనవేనన్నాను. ఎవరడిగినా అలాగే చెప్పమని మీ తమ్ముడి ఆజ్ఞ. ఆయన గీసిన గీత నేనెప్పుడూ దాటలేదు. చెమటలు పోస్తున్నాయి, ఎడమ చెయ్యి లాగేస్తోంది అని ఇందాకటి నుంచి లోపలి గదిలోంచి పిలుస్తున్నారు. ముందు ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి వస్తాను. చుట్టుదారిలో వెళ్తాను. ఇవాళ ఆయన అడుగులు ఇంకా పదివేలు కాలేదు.