గీత తాంబూలాల పళ్లెం

రాజమ్మా, ఈ కొత్త చొక్కా గుండీలు పెసరగింజలంత కూడా లేవు. పెట్టుకునేసరికి వేళ్లు నొప్పి పుట్టాయి.

ఈరోజు మదనపల్లెలో మన మనవరాలు గీతకు తాంబూలాలు మార్చుకున్నారు. కుప్పం ఆసుపత్రిలో తనతో పనిచేసే మురళిని తనే ఇష్టపడింది. "ఈ గయ్యాళి నీకు యాడ దొరికిందప్పా?" అని అడిగితే వాడు సిగ్గుపడిపోయాడు.

గీత తాంబూలం మనిద్దరి చేతుల మీదుగా ఇవ్వాలని నువ్వు పోయే ముందు కూడా అన్నావు. నేను పళ్లెం అందుకోబోతే మన పెద్దోడు ఆపాడు.

"జంటగా ఉండేవోళ్లే ఇయ్యాల నాయనా. నువ్వు ఆడ కూర్చో."

కూర్చున్నాను.

వాడు అలా అంటాడని నాకు ముందే తెలుసు. అందుకే పొద్దున్నే ఆ పళ్లెంలో తమలపాకుల అడుగున నీ చిన్న ఫోటో దాచాను. మురళి నాయన అన్నీ కండువాలో మూటగట్టుకుని కుప్పం వెళ్లిపోయాడు. నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు.