గురువారం పుదీనా

హసీబా టీచరమ్మకు సలాం.

మీ సేవాసంఘం మా సెఫ్రూ ఊరి ఆడవాళ్లకి పొదుపు పాఠాలు చెప్పినప్పుడు, ఫోన్లో చీటీ డబ్బు కట్టడం అందరికంటే ముందు నేర్చుకున్నది నేనే. మీరు చప్పట్లు కూడా కొట్టించారు. మీ చదువుకి వంక పెట్టడం లేదు.

మునుపు ప్రతి గురువారం మా చీటీ నడిపే యామ్నా డబ్బుకి ఇంటింటికీ వచ్చేది. "ఏమే ముసలీ, బతికే ఉన్నావా? టీలో పంచదార వెయ్యడానికి చేతులు రావా?" అని దెప్పుతూనే మూడు గ్లాసులు తాగేది. చిల్లర వెతుకుతున్నట్టు నటించి ఇంకాసేపు కూర్చోబెట్టేదాన్ని.

ఇప్పుడు రావడం మానేసింది. "నీకు ఫోను వచ్చుగా, నాతో పనేముంది?" అంటుంది. గురువారం టీలోకి పుదీనా కొంటూనే ఉన్నాను. శనివారానికి వాడిపోతుంది.

పక్కింటి ఖద్దూజ్‌కి ఎంత చెప్పినా ఫోను రాలేదు కదా, అందుకని యామ్నా వాళ్లింటికి మాత్రం వెళ్తోంది. గోడవతల వాళ్ల నవ్వులు నాకు వినిపిస్తాయి.

మీ రిజిస్టరులో నా పేరు పక్కన 'ఈమెకు రాలేదు' అని రాయండి, టీచరమ్మా. ఆ చప్పట్లు ఖద్దూజ్‌కి కొట్టించండి.

మీ క్లాసులో మొదట పాసైన మనిషి