రెండూ ఒకే చెవిలో

నవంబర్ 3, సోమవారం

శ్రావ్య పెళ్ళి ఖాయమైంది. పొద్దున ఆఫీసు క్యాబ్‌లో చెప్పింది. ఇరవై రెండున హల్దీ, జీడిమెట్లలో వాళ్ళింటి ముందే షామియానా. నేను నోరు తెరిచేలోపే — "పాటలు నువ్వే వెయ్యాలె. బయటోన్ని పిలిస్తే అన్నీ ఒక్క తీరుగ దంచుతడు." నాకా పని రాదన్నాను. "చర్చిల పాడతవు గదా. పాట తెల్సినోళ్ళకు ఇదేం పెద్ద పని?" పాడేదాన్ని. ఇప్పుడు పాడటం లేదని ఆమెకు తెలియదు. సరే అన్నాను. ఎందుకన్నానో... రాయడానికి ఇంకా కారణం దొరకలేదు.

నవంబర్ 4

ఎడమ చెవి పోయి ఏడాది దాటింది. ఇక్కడైనా ఒకసారి సూటిగా రాసుకోవాలి. నాలుగు రోజుల జ్వరం, తర్వాత ఒక ఉదయం ఫోను ఆ చెవికి పెట్టుకుంటే అవతల ఎవరూ లేరు. "ఇక రాదమ్మా, ఉన్నదాన్ని జాగ్రత్తగా చూసుకో" — డాక్టరు. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చర్చి పాటల బృందంలో, క్వయర్‌లో, చెప్పక తప్పలేదు. పక్కవాళ్ళ గొంతు వినపడకపోతే నా గొంతు ఎటో పోతోంది. ఇప్పుడు ఆదివారాలు తెర మీద పాటల స్లైడ్లు మారుస్తాను. బాగానే మారుస్తాను.

నవంబర్ 5

క్యాబ్. శ్రావ్య ముందు ఎక్కుతుంది, ఎక్కిన తలుపు పక్కనే కూలబడుతుంది. కూకట్‌పల్లిలో నేను ఎక్కేటప్పుడు రోజూ ఒకటే మాట — "జరుగు."

"రోజు జరుగుడేనా? ఏముందే గా కిటికీల?"

ఏమీ లేదు. ఎడమ కిటికీ నాదైతే ఆమె నా కుడివైపు ఉంటుంది. ఆమె చెప్పేది నాకు వినిపిస్తుంది. అంతే సంగతి. "పొగరు నీకు" అంది, జరుగుతూనే.

నవంబర్ 6

భోజనం అయ్యాక వీడియోలు. మిక్సింగ్ అంటే ఏమిటో ఇప్పటికి అర్థమైంది. స్పీకర్లలో ఒక పాట నడుస్తుంటుంది. రాబోయే పాటను డీజే ముందే తన హెడ్‌ఫోన్‌లో వింటాడు, రెండింటి నడకా కలిశాక మెల్లగా దాన్ని బయటికి వదులుతాడు. అంటే ఒక చెవి హెడ్‌ఫోన్‌కు, రెండోది బయటికి. అందరూ అలాగే నిలబడ్డారు... ఒక చెవి మూసి, ఒకటి తెరిచి. చూస్తుంటే నవ్వొచ్చింది. రెండు చెవులున్నవాళ్ళ కోసం కట్టిన విద్య.

అయినా వీడియో ఆపలేదు.

నవంబర్ 7

వస్తువుల గురించి తెలిసినంత.

లాప్‌టాప్‌కు శబ్దం బయటికి పోయే దారి ఒకటే. మనకు రెండు కావాలి — ఒకటి స్పీకర్లకు, ఒకటి హెడ్‌ఫోన్‌కు. ఆ రెండో దారి ఇచ్చేదే సౌండ్ కార్డు. పాటలు కలిపే డబ్బాలను కంట్రోలర్లంటారు; కొన్నింటిలో అది లోపలే ఉంటుంది. చౌకవాటిలో ఉండదు; విడిగా కొనాలి, లేదా ఒకే దారిని చీల్చే వైరు తగిలించి సర్దుకోవాలి. అప్పుడు స్టీరియో, అంటే రెండు చెవులకు వేర్వేరుగా వచ్చే శబ్దం, పోతుంది. నాకెలాగూ పోయింది.

అమ్మ అడిగింది. "హల్దీ అంటే పసుపు ఫంక్షనే కదే. అక్కడ నువ్వేం చేస్తావు?" పాటలు వేస్తానన్నాను. అమ్మ నా ఎడమ చెవి వైపు చూసి, వెంటనే కూరగాయల వైపు చూసింది. నర్సుగా ఇన్నేళ్ళు చేసి కూడా చూపు దాచుకోవడం రాదు ఆమెకు.

నవంబర్ 8, శనివారం

మెట్రోలో కోఠీ. వాయిద్యాల దుకాణం. యజమాని పెద్దాయన, మెత్తగా మాట్లాడతాడు. మొదటిసారి కొంటున్నానంటే చిన్న డబ్బా ఒకటి ముందు పెట్టాడు. రెండు చక్రాలు, శబ్దం పెంచి తగ్గించే నాలుగు ఫేడర్లు, లోపల సౌండ్ కార్డు లేదు. చీల్చే వైరు ఉచితం.

"షురూ చేసెటోళ్ళకు ఇదే మస్తు, మేడం. ఒక చెవి హెడ్‌ఫోన్ల, ఒక చెవి బయట. దునియా మొత్తం గట్లనే చేస్తరు. ఫికర్ చెయ్యకుండ్రి."

ఆ క్షణాన చెప్పాలి — నాకు బయట పెట్టడానికి చెవి లేదని. చెప్పలేదు. వెనక ఇద్దరు కుర్రాళ్ళు గిటార్ చూస్తున్నారు. "ఇదే ఇవ్వండి" అన్నాను. దునియా మొత్తంలో నేనూ ఉన్నట్టు.

నవంబర్ 10, సోమవారం

ఇవాళ్టిది రాసుకోవాల్సిందే. నా దగ్గర పనిచేసే లాప్‌టాప్ ఆఫీసుదొక్కటే. ఈ ఉద్యోగంలో చాలామందికి అంతే — ఇంటి లెక్కలు, సినిమా, పెళ్ళిచూపుల ఫోటోలు, అన్నీ కంపెనీ లాప్‌టాప్‌లోనే. డబ్బా బ్యాగులో ఆఫీసుకు తెచ్చి, మధ్యాహ్నం ఖాళీ మీటింగ్ రూములో తగిలించాను. తెర ఎర్రబడింది. నిమిషంలో సెక్యూరిటీ టీమ్ నుంచి ఫోను.

"మేడం, మీరు తగిలించిన డివైజ్ ఏంటండి?"

"పాటలు కలిపేది."

"దేనికి కలిపేదండి?"

ఎనిమిదేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. కంపెనీ లాప్‌టాప్‌కు బయటి వస్తువు పెట్టకూడదని ఏటా పరీక్ష రాసి పాసవుతాను. మేనేజర్‌కు సంజాయిషీ మెయిల్ పెట్టాను. "స్నేహితురాలి హల్దీ నిమిత్తం" అని రాశాను. ఆయన బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు, అంతే.

నవంబర్ 12

అటక మీది నా బీటెక్ లాప్‌టాప్‌కు కొత్త బ్యాటరీ వేయించాను. తెరుచుకోవడానికి చాలా ఆలోచిస్తుంది. తెరుచుకున్నాక పర్వాలేదు.

డబ్బా తగిలించాను. ఫలితం: ఫెయిల్.

కుడి చెవికి హెడ్‌ఫోన్ పెడితే రాబోయే పాట మాత్రమే వినిపిస్తుంది. నడిచే పాట వినిపించదు. తీస్తే నడిచేది వినిపిస్తుంది, రాబోయేది పోతుంది. పెట్టి, తీసి, పెట్టి, తీసి... ఆ లోపు రెండు పాటలూ తలో దారిన పోయాయి. ఇంకోసారి. ఇంకోసారి. ఎక్కడ ఫెయిలవుతుందో తెలిశాక మళ్ళీ మళ్ళీ నడపడం టెస్టింగ్ కాదు, మొండితనం. ఏడుపొచ్చింది. డబ్బా మీద కాదు.

నవంబర్ 13

క్యాబ్‌లో శ్రావ్య ఎవరో కజిన్ చెప్పాడని — "సింక్ అని బటన్ ఉంటదట గదనే. ఒత్తితే దానంతటదే కలుస్తదట. చెవులతోని ఏం పని?"

ఉంది. సినిమా పాటలకు పనిచేస్తుంది కూడా. కానీ ఆమె ఇచ్చిన జాబితాలో సగం డప్పు పాటలు. డప్పు కొట్టే మనిషి చెయ్యి మధ్యలో ఊపందుకుంటుంది, మళ్ళీ తగ్గుతుంది. బటన్ అది పట్టుకోలేదు. చెవి పట్టుకుంటుంది.

ఆమెకు ఇదంతా చెప్పాను. కజిన్‌ను పిలుచుకో అనే మాట నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. ఆ మాట అనేస్తే అక్కడితో అయిపోయేది. స్లైడ్లు మార్చుకుంటూ బతకొచ్చు.

నవంబర్ 14

దొరికింది. కొన్ని కంట్రోలర్ల మీద హెడ్‌ఫోన్ కోసమే ఒక గుండ్రటి నాబ్ ఉంటుంది. ఒక కొసకు తిప్పితే రాబోయే పాట, ఇంకో కొసకు తిప్పితే నడిచే పాట, మధ్యలో పెడితే రెండూ ఒకే చెవిలో. నా చిన్న డబ్బా మీద అది లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక మూలన ఉందట, మౌస్‌తో వెతుక్కుని తిప్పాలి. పాటలు నడుస్తుండగా అందుకు మూడో చెయ్యి కావాలి.

వీడియోల్లో ఎవరూ దాని గురించి ఒక్క ముక్క ఎక్కువ మాట్లాడలేదు. వాళ్ళకు అక్కర్లేదు.

నవంబర్ 15, శనివారం

మళ్ళీ కోఠీ. గాజులకని శ్రావ్య కూడా వచ్చింది, దుకాణంలోకీ వచ్చింది. వద్దనలేకపోయాను.

పెద్దాయన గుర్తుపట్టాడు. మార్చుకుంటానంటే విడి సౌండ్ కార్డు తీశాడు. "డబ్బా ఇదే ఉంచుకోండ్రి మేడం, ఈ కార్డు పెట్టుకుంటే ఆవాజ్ సాఫ్ వస్తది." దాని మీద హెడ్‌ఫోన్ శబ్దం పెంచే బటన్ ఉంది, కలిపే నాబ్ లేదు. నాబ్ ఉన్నది కావాలన్నాను. అలాంటిది ఒకటుంది, లోపల సౌండ్ కార్డుతోనే, కానీ షురూ చేసేవాళ్ళకు అంత అక్కర్లేదని ఆయన వాదన. శ్రావ్య కూడా — "ఆయన చెప్తుండు గదనే. ఒక చెవి లోపల, ఒక చెవి బయట. అయిపాయె."

"నాకు ఎడమ చెవి వినపడదు. రెండూ ఒకే చెవిలో కావాలి."

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. పెద్దాయన "అట్లనా, మొన్ననే చెప్పాలె గదా మేడం" అని స్టూలెక్కి పై అరలోంచి పెట్టె దించాడు. అక్కడే తగిలించి చూపించాడు. కుడి చెవికి హెడ్‌ఫోన్ పెట్టుకుని నాబ్ మెల్లగా మధ్యకు తిప్పాను. ఒక పాట ఉంది. దాని కిందనుంచి రెండోది వచ్చింది. రెండూ ఉన్నాయి. ఒకదాని పక్కన ఒకటి, క్వయర్‌లో పక్కన ఎవరో నిలబడినట్టు. సంతోషం. ఇంకో మాట లేదు దానికి.

శ్రావ్య గాజులు కొనలేదు. మెట్రోలో కూకట్‌పల్లి దాకా ఫోను చూసుకుంది.

నవంబర్ 16, ఆదివారం

చర్చి. స్లైడ్లు. రెండో పాటలో ఒక చరణం ముందే మార్చేశాను, అందరూ తడబడ్డారు. బుర్ర ఇంటి దగ్గర పెట్టె మీద ఉంది.

సాయంత్రం సాధన. నాలుగు పాటలు కలిశాయి, డప్పువి రెండు. భుజం మీద చెయ్యి పడితే ఉలిక్కిపడ్డాను — అమ్మ. "ఎప్పట్నుంచి పిలుస్తున్నానే." వినిపించలేదు. ఉన్న ఒక్క చెవినీ నేనే మూసేశాను కదా.

అమ్మ మంచం అంచున కూర్చుంది. హెడ్‌ఫోన్ తీసి తన చెవులకు పెట్టుకుంది, తీసింది. "జ్వరమేలే అనుకున్నానే నేను. మొదటి రోజే తీసుకెళ్ళాల్సింది. ఊళ్ళో వాళ్ళందరికీ చెప్తాను, వెంటనే ఆస్పత్రికి రావాలి అని." ఏడాదిగా లోపలే పెట్టుకుందన్నమాట. "అన్నం పెట్టు" అన్నాను. పెట్టింది.

నవంబర్ 17

శ్రావ్య సెలవు. మెసేజ్ లేదు. ముందే చెప్పనందుకు కోపమో, హల్దీ పాడవుతుందని భయమో. రెండూ న్యాయమే. నాకైతే బాధగా ఉంది.

నవంబర్ 18

క్యాబ్ ఆగింది. తలుపు తీశాను. ఎడమ సీటు ఖాళీ. శ్రావ్య అటు చివర, డ్రైవర్ వెనక కూర్చుని జడ అల్లుకుంటోంది.

ఎక్కాను. కుడివైపు నుంచి ఆమె మాట — "ఏడాదాయె రోజు కొట్లాడవట్టి. చెప్తె జరగకపోదునా?"

ఆఫీసులో ఎవరికీ చెప్పలేదన్నాను. "తెల్సు" అంది. ఆఫీసున్న రాయదుర్గం దాకా పెళ్ళి చీరల గురించే మాట్లాడింది. అంతా విన్నాను.

నవంబర్ 20

సాధన. నాబ్ సగానికి కాస్త ఇవతల పెడితే బాగుంది. డప్పు పాటలో చెయ్యి ఊపందుకునే చోటు ఇప్పుడు నాకు ముందే తెలుస్తోంది.

ఒకటి మాత్రం ఏ కంట్రోలర్ వల్లా కాదు. హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పాటలు రెండూ వినిపిస్తాయి, మనుషులు వినిపించరు. ఈలలు, ఆపండనే కేకలు, ఇంకోసారి వెయ్యమనే కేకలు — ఏవీ. బాగా చేస్తున్నానో లేదో నాకు తెలిసే దారి లేదు. క్యాబ్‌లో శ్రావ్యతో అన్నాను. ఆమె గోరు కొరుక్కుంది.

నవంబర్ 21

పెట్టె సర్దాను. రెండు వైర్లు అదనంగా. భయం.

నవంబర్ 22

జీడిమెట్ల. డైరీ ఇంట్లోనే ఉంది, ఫోనులో రాస్తున్నాను. ఇంకా మొదలుకాలేదు. షామియానా కింద పసుపు గిన్నెలు, ప్లాస్టిక్ కుర్చీలు, ఫ్యాక్టరీ షిఫ్టు దిగి నేరుగా వచ్చిన శ్రావ్య వాళ్ళ నాన్న స్నేహితులు. నా బల్ల గోడవారగా. హెడ్‌ఫోన్ పెట్టుకుని పాటలు సరిచూస్తుంటే స్పీకర్లవాడు నా ఎడమవైపు నుంచి ఏదో అడిగాడట, నేను పలకలేదు. దూరం నుంచి శ్రావ్యే అరిచి జవాబు చెప్పింది — అరిచిందని వాడు అటు తిరిగాక గాని నాకు తెలియలేదు.

ఇప్పుడే వచ్చి పోయింది. పసుపు చీర, బుగ్గలకు ఇంకా పసుపు అంటలేదు. బల్ల చుట్టూ తిరిగి నా కుడివైపుకు వచ్చి నిలబడింది.

"వచ్చినోళ్ళను చూడకు. ఏమంటున్నరో అని చూడకు. నన్నే చూడు. చెయ్యి లేపిన్నంటే మంచిగున్నట్టు. దించిన్నంటే మార్చు."

"నీకు పసుపు పెడుతుంటే చెయ్యెలా లేపుతావు?"

"లేపుత."

శ్రావ్యను పీట మీద కూర్చోబెట్టారు. ముత్తైదువలు చుట్టూ మూగారు. ఆమె తల కనిపించడం లేదు. హెడ్‌ఫోన్ కుడి చెవికి పెట్టుకున్నాను. అందరి నోళ్ళూ కదులుతున్నాయి, ఎవరి మాటా లేదు. మొదటి పాట వదిలాను. రెండోది చెవిలో ఉంది, దాని పక్కనే మొదటిది. నడక కలిసింది. వదలాలా... ఆడవాళ్ళ భుజాల మధ్యలోంచి ఆమె చెయ్యి కోసం చూస్తున్నాను.