బీబమ్మ గద్దె తొలిదీపం

వికారాబాదు,
8 అక్టోబరు 1957

ప్రియమైన ఖైరూకి,

నేను బాగున్నాను. మోకాళ్ళు బాగాలేవు, కానీ వాటిని అడిగేదెవరు. రామచందర్ దుకాణం నడుస్తోంది. కోడలు నా చేత ఏ పనీ చేయించదు. నేను చేసిన పనిని మాత్రం నా వెనక మళ్ళీ చేస్తుంది. మంచి పిల్లే.

నిన్న మా తోడికోడలు సత్యమ్మ ఉత్తరం వచ్చింది. మూడు పేజీలు. అందులో నీ పేరు పద్నాలుగు సార్లు ఉంది. "ఖైరున్నిసక్క, నేను కూసోని బీబమ్మకు వత్తులు చేస్తున్నం అక్కా. ఆమె చేసిన సేమియా తిన్న. మస్తు మంచి మనిషి" అని రాసింది. నువ్వు మంచి మనిషివని సత్యమ్మ నాకు చెప్పాలా? పరిగిలో మా నాయన బడిలో నువ్వూ నేనూ ఒకే పలక మీద రాసుకునేటప్పటికి ఆమె ఇంకా పుట్టలేదు. మనిద్దరం తాండూరు కోడళ్ళమై వచ్చేనాటికి ఆమెకు పళ్ళు రాలేదు.

ఎనిమిదేళ్ళుగా తాళం పడి ఉన్న బీబమ్మ గద్దెను తెరిపించాలని పెద్దమనుషులు మాట్లాడుకుంటున్నారట. సంతోషం. తెరిచాక మా ఇంటి తరఫున శుక్రవారం దీపం సత్యమ్మ పెడుతుందట. "అక్క ఊర్ల లేదు కద, ఇంక నేనే" అని రాసింది. నేను వికారాబాదులో ఉన్నాను ఖైరూ, కాటిలో లేను. రైలెక్కితే గంటన్నర.

ముప్పై ఏళ్ళు నీకు మామిడికాయ తొక్కు పంపింది నేను. ఆమె ఒక్క సీసా నిమ్మకాయ తొక్కు ఇచ్చి నా పీట మీద కూర్చుంది. నీ నోటికి ఈ మధ్య రుచి తెలియడం లేదేమో, హకీముకు చూపించుకో.

తీరిక దొరికితే రాయి. సత్యమ్మ పక్కన లేనప్పుడు రాయి.

నీ పాత స్నేహితురాలు (కొత్తవాళ్ళు వచ్చారు కనుక ఇలా రాసుకోవలసి వస్తున్నది),
కస్తూరి


తాండూరు,
15 అక్టోబరు 1957

ప్రియమైన కస్తూరీ,

సలాం. నీ ఉత్తరం చదువుకుని నవ్వాను. సత్యమ్మ తొక్కులో ఉప్పెక్కువ. ఈ మాట చాలునా, ఇంకా రాయాలా?

ఇప్పుడు అసలు సంగతి. మా తరఫున మదార్ సాబ్, మీ తరఫున అనంతయ్య సేటు నాలుగుసార్లు కూర్చున్నారు. మొదటిసారి మదార్ సాబ్ "ఆమె మా బీబీ" అన్నాడు, అనంతయ్య "ఆమె మా అమ్మ" అన్నాడు, చాయి చల్లారింది. రెండోసారి సత్యమ్మ తలుపు చాటు నుంచి "బీబీ, అమ్మ రెండు కలిపితెనే కద బీబమ్మ" అన్నది. అప్పుడు మాట కదిలింది. ప్లేగు వచ్చిన ఏడు రోగుల నోట్లో నీళ్ళు పోసిన మనిషి ఆమె. ఎవరి బిడ్డవని అప్పుడు ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక ఎవరికీ ఉండి ఉండదు.

గద్దె మీద ఇద్దరమూ దీపం పెట్టుకోవచ్చు అనేదాకా వచ్చారు. అక్కడ ఒక ముల్లు గుచ్చుకుంది. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు విచారణకు ఒక అధికారి వచ్చాడు గుర్తుందా? తొలిదీపం ఎవరిదో గద్దె వాళ్ళదని తేలుస్తానన్నాడు. మేమప్పుడు భయపడి గుల్బర్గాలో మా అక్క ఇంట్లో ఉన్నాం. తిరిగొచ్చేసరికి తీర్పు అయిపోయింది. గద్దె మీ వాళ్ళదనీ, మా దీపం ఊరవతల కొండ మీద పెట్టేవాళ్ళమనీ, ఇకముందు కూడా అక్కడే పెట్టుకోవాలనీ. మా వాళ్ళు ఒప్పుకోలేదు, రాళ్ళు లేచాయి, తాళం పడింది.

మదార్ సాబ్ అనేదొక్కటే. "కొండ మీద మాకు ఏమున్నది? మేకలు మేస్తయి. ఆ మాట కొట్టేయకపోతే మేము గద్దె దగ్గర బిచ్చగాండ్ల లెక్క నిలబడాలె. నేను దస్తఖత్ పెట్ట." అనంతయ్య ఏమంటాడంటే, సర్కారు కాగితంలో ఉన్నది తాను ఎట్లా కొట్టేస్తానని.

గురువారం పొద్దుగూకే వేళ నేను దీపం పెట్టేదాన్ని. శుక్రవారం తెల్లవారుజామున నువ్వు పెట్టేదానివి. పద్దెనిమిదేళ్ళు. ఆ విచారణలో మీ ఇంటి నుంచి మాట్లాడింది నువ్వేనట. కొండ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది కస్తూరీ? నీకు గుర్తున్నది రాసి పంపు, అది చాలు.

డిసెంబరు ఒకటిన, ఆదివారం, చివరిసారి కూర్చుంటారు.

నీ జవాబు కోసం చూస్తూ,
ఖైరున్


వికారాబాదు,
24 అక్టోబరు 1957

ప్రియమైన ఖైరూకి,

సత్యమ్మ తలుపు చాటు నుంచి మాట్లాడిందని రాశావు. మా ఇంట్లో ఆమె తలుపు ముందుకు వచ్చి కూడా చాలా మాట్లాడేది. అప్పుడు ఎవరూ ఇంత మెచ్చుకోలేదు. బీబీ, అమ్మ కలిపితే బీబమ్మ అట. ఆ మాత్రం సంధి మా నాయన బడిలో రెండో తరగతి పిల్లలకు వచ్చేది.

విచారణ సంగతి అడిగావు. ఎనిమిదేళ్ళయింది. ఆ రోజు వసారాలో తెర కట్టి నన్ను వెనక కూర్చోబెట్టారు. ఏవో అడిగారు, ఏదో చెప్పాను. మా మాటలు ఉర్దూలో రాసుకున్న గుమాస్తా ఔరంగాబాదు వైపు మనిషి, తెలుగు అంతంతమాత్రం. ఏం విన్నాడో, ఏం రాశాడో. అన్నీ గుర్తుండాలంటే నేనేమైనా సత్యమ్మనా? ఆమెను అడుగు. ఈ మధ్య నీకు అన్నీ ఆమే చెబుతున్నది.

పెద్దమనుషులు తెలివైనవాళ్ళు, వాళ్ళే చూసుకుంటారు. ఒక ముసలిదాని జ్ఞాపకం మీద గద్దె నిలబడితే అదేం గద్దె.

ఇక్కడ చలి మొదలైంది. కొండ నుంచి గాలి దిగుతోంది.

ఉంటాను,
కస్తూరి


తాండూరు,
13 నవంబరు 1957

ప్రియమైన కస్తూరీ,

నీ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అందులో నువ్వు లేవు.

మా అత్త చనిపోయిన ఏడు నీకు రాయని సంగతి ఒకటి ఉంది. మంచం పట్టాక ఆమె ఒక్కటే అడిగింది, "ఒక్కసారి గద్దె మీద దీపం చూపియ్యి బేటీ" అని. మీ చేనిలో పనిచేసే చంద్రవ్వ, నేను ఆమెను దుప్పట్లో మోసుకుపోయాం. తాళం చూపించి తీసుకొచ్చాం. నెల తిరగలేదు.

ఆ తాళం మగవాళ్ళ పని అనుకుని ఎనిమిదేళ్ళు ఓర్చుకున్నాను. ఇప్పుడు మదార్ సాబ్ అంటున్నాడు, కొండ మాట నిలిస్తే డిసెంబరు ఒకటితో మాటలు బంద్, పట్నం కోర్టుకు పోతామని. కోర్టుకు పోయినదాన్ని చూసేందుకు నేనుండను. ఆ కేసు తెమిలేసరికి ఎన్నేళ్ళు పడుతుందో.

వికారాబాదు వచ్చి నిన్ను అడుగుతానని సత్యమ్మ బయలుదేరింది. నేనే వద్దన్నాను. "మా అక్క నోరు కారం గని అబద్ధమాడే మనిషి కాదు, ఖురాను మీద పెట్టమన్నా పెడుత చెయ్యి" అంటున్నది అందరి ముందు.

ఆమె మాట నిజమేనా?

ఖైరున్


వికారాబాదు,
22 నవంబరు 1957

ప్రియమైన ఖైరూ,

నిజం కాదు.

కొండ మాట ఎట్లా వచ్చిందో పెద్ద కాగితం మీద, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, నా చేత్తో రాసి ఈ రోజే మదార్ సాబ్‌కు ఒకటి, అనంతయ్యకు ఒకటి పంపాను. మా రామచందర్ చదివి, "అమ్మా, గిది పంపితె మన ఇంటి ఇజ్జత్ పోతది. జర ఆలోచించు" అన్నాడు. ఎనిమిదేళ్ళు ఆలోచించాను బిడ్డా అన్నాను. వాడితో పోస్టు చేయిస్తే దారిలో పారేస్తాడని నేనే నడిచివెళ్ళి డబ్బాలో వేశాను. అందులో రాయనిది కూడా నీకు రాస్తున్నాను.

విచారణలో అధికారి అడిగాడు, "శుక్రవారం మీరు పోయేసరికి వాళ్ళ దీపం ఉండేదా?" అని. "ఉండేది. నేను పోయేసరికి కొండెక్కి ఉండేది" అన్నాను. దీపం ఆరిపోయిందని మన నోట అనం కదా, నువ్వూ అనవు. ఆ గుమాస్తాకు ఈ ముక్క తెలియదు. 'చిరాగ్ పహాడ్ పర్ చఢ్ జాతా థా' అని రాశాడు. మీ దీపం పాపం కాళ్ళు తెచ్చుకుని కొండ ఎక్కిందన్నమాట. అధికారి ఊరవతల చూశాడు, అక్కడ నిజంగానే ఒక కొండ ఉంది. ఆయనకు అది చాలింది.

కాగితం తెర కిందనుంచి నా చేతికి ఇచ్చారు. నాకు ఉర్దూ రాదని వాళ్ళు అనుకున్నారు. చదివాను. నవ్వొచ్చింది. దిద్దబోయి ఆగాను. దిద్దితే, దీపం గద్దె మీదే ఉండేదనీ, ముందు ఖైరున్నిసాదనీ, తరువాతే కస్తూరమ్మదనీ సర్కారు కాగితం మీద ఎక్కుతుంది. అది నేనే రాయించడం ఇష్టం లేకపోయింది. సంతకం పెట్టాను. పొంకంగా కూడా పెట్టాను.

నువ్వు భయంతో ఊరు విడిచిపోయి ఉన్నావు. అది తెలిసే పెట్టాను. తీర్పు ఇంతదూరం పోతుందని తెలియదని రాయబోయాను, కొట్టేశాను. తెలిశాక కూడా ఎనిమిదేళ్ళు ఊరుకున్నాను కదా.

ఇంకొకటి ఉంది. నీ దీపం దానంతట అది కొండెక్కలేదు.

నువ్వు నూనె ఎంత పోసేదానివో, వత్తి ఎట్లా పేనేదానివో, నేను చీకట్లో లేచి పోయేసరికి అది నిమ్మళంగా వెలుగుతూ ఉండేది. నాది పొద్దెక్కకముందే పోయేది. చేనికి పోయే చంద్రవ్వ నీ దీపం మసి తీసి బిడ్డ నొసట పెట్టేది. నా దీపానికి దండం పెట్టి పోయేది, అంతే. మా అత్త ఒకనాడు నలుగురిలో అన్నది, "ఆ ఖైరమ్మ దీపం సూడు, తెల్లారేదాంక నిలుస్తది. మా కోడలిది గడియకే పాయె" అని. మరుసటి శుక్రవారం నుంచి నేను ముందుగా నీ వత్తిని వేళ్ళతో నొక్కేదాన్ని. తరువాత నాది వెలిగించేదాన్ని. ఎవరైనా అడిగితే కొండెక్కిందని చెప్పేదాన్ని. వేళ్ళు కాలేవి. ఇంట్లో పెనం అంటుకుందని చెప్పేదాన్ని. ముత్తైదువను, శుక్రవారం, దీపాన్ని ఆర్పాను, ఒక్కసారి కాదు.

పొద్దున్నే పోయి ఆ పని చేసి, మధ్యాహ్నం మీ ఇంటికొచ్చి నీ పక్కన కూర్చుని తొక్కు ఇచ్చేదాన్ని. నీ మీద ప్రేమ లేక కాదు. అది కూడా అబద్ధం కాదని నువ్వు నమ్మాలనే నియమం ఏమీ లేదు.

మీ అత్త సంగతి చదివాక ఇంక నా నోటికి ఎకసెక్కం రాలేదు.

గద్దె దీపం సత్యమ్మనే పెట్టనీ. ఆమె వత్తులు వంకరగా చేస్తుంది, నేర్పించు. నాకు జవాబు రాయకపోయినా నేను అడగను.

కస్తూరి


తాండూరు,
3 డిసెంబరు 1957

ప్రియమైన కస్తూరీ,

ఆదివారం నీ కాగితాన్ని అనంతయ్య తెలుగులో చదివాడు, మదార్ సాబ్ ఉర్దూలో చదివాడు. ముందు మదార్ సాబ్‌కు నవ్వొచ్చింది. "ఎనిమిదేండ్లు ఒక్క మాట కోసం కొట్టుకున్నమా సేటూ?" అన్నాడు. అనంతయ్య కూడా నవ్వాడు. ఇద్దరూ దస్తఖత్ పెట్టారు. కొండ మాట పోయింది. తాళం రాలేదు, తుప్పు పట్టింది, సుత్తెతో పగలగొట్టారు.

నవ్వింది వాళ్ళు. నేను నవ్వలేదు. మా అత్తను దుప్పట్లో మోసిన రోజు నా కళ్ళ ముందు ఉంది. అది ఉత్తరంతో పోదు. పోయిందని రాస్తే నేను కూడా పొంకంగా సంతకం పెట్టినట్టవుతుంది.

కానీ నీ ఉత్తరంలో ఒక తప్పు ఉంది, అది మాత్రం దిద్దుతాను. తొలిదీపం ఎవరిదని అనంతయ్య మళ్ళీ అడగబోతే మదార్ సాబ్ అన్నాడు, "మీకు శుక్రవారం పొద్దు పొడిస్తె వస్తది. మాకు గురువారం పొద్దు గూకంగనె వస్తది. మా శుక్రవారానికి ఖైరున్నిసా ముందు, మీ శుక్రవారానికి కస్తూరమ్మ ముందు. గిండ్ల కొట్లాట ఏమున్నది?" అని. మీ నాయన మనకు రెండు భాషలూ నేర్పాడు కానీ ఈ లెక్క చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళు నువ్వు ముందే ఉండి, వెనకబడ్డానని వేళ్ళు కాల్చుకున్నావు.

మీ అత్తకు ఒక సంగతి తెలియదు, నీకూ తెలియదు. నేను పోసేది ఆముదం. మీ ఇంట్లో నువ్వుల నూనె తప్ప పోయరు. ఆముదం నిలిచి వెలుగుతుంది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు. నువ్వు అడిగి ఉంటే చెప్పేదాన్ని.

గద్దె కడిగి సున్నం వేసేసరికి ఈ శుక్రవారం దాటిపోతుంది. పన్నెండో తారీఖు గురువారం మధ్యాహ్నం బండికి రా. సాయంత్రం నేను పెట్టేటప్పుడు పక్కన నిలబడు, చేతులు వెనక్కి కట్టుకుని. మా ఇంట్లోనే పడుకో. తెల్లవారాక నువ్వు పెట్టు, నేను చూస్తాను. నీతో ఏం మాట్లాడాలో ఇంకా తెలియదు, మాట్లాడకుండా కూడా కూర్చోగలం.

మొదటి శుక్రవారం నీదేనని సత్యమ్మకు చెప్పాను. రెండు రోజులుగా మా గడప తొక్కలేదు. "ఎనిమిదేండ్లు నేను తిరిగి తిరిగి తెరిపిస్తె అక్క వచ్చి ముట్టిస్తదా" అని చంద్రవ్వతో అన్నదట. నీకు ఉత్తరం రాస్తుంది, కారంగానే రాస్తుంది. ఓపికగా జవాబియ్యి. ఆ బాధ ఎట్లా ఉంటుందో ఈ ఊళ్ళో నీకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

నీ రాక కోసం,
ఖైరున్