ఎడమచేతి పదును

పినపాక, ఆదివారం రాత్రి

సంబంధిత అధికారులు ఎవరైనా, ఏ లోకంలో ఉన్నా, వారి సముఖానికి:

పోయిన నెల చనిపోయిన మా అన్న సగం చెక్కి వదిలిన పొగాకు పైపును పూర్తి చేయదలచి, ఈ ఉదయం అతని పనిముట్ల పెట్టెను పరిశీలించడమైనది. ఉలిని, ఆకురాయిని తిరస్కరించి వంకర కత్తిని ఎంపిక చేశాను. అది నా చేతికి లొంగలేదు. లోపం కత్తిదేనని నిర్ధారించి, కమ్మరి చేత రెండోవైపు పదును పెట్టించాను.

వదిన కత్తిని తిప్పి చూసింది.

“మీ అన్న ఎడమ చేత్తోని చెక్కేటోడు. గది గూడ యాది లేదా? చదువుకున్నోడివని పెట్టె నీ చేతిల పెడితిని.”

రెండోవైపు అరగదీయడంతో, ఎడమచేతికి కుదిరిన పాత పదును కమ్మరి సానరాయి మీదే పోయింది. నాకు అక్షరాలు దిద్దించినది కూడా ఆ ఎడమచేయే. ఎలా మరిచానో విచారణలో తేలలేదు.

డిమాండు నం. 1: పైపు పూర్తయ్యేవరకు, ఒక్క పూటకైనా, ఆ చేతిని తిరిగి మంజూరు చేయవలెను.