అక్క ఫొటోకి లైటు

ఆదివారం రాత్రి, డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ

రిటైర్మెంట్ ఫొటో కోసం అక్క పండరీ బజార్లో కొన్న కొత్త చీర కట్టుకుని వచ్చింది. ముఖానికి దగ్గరగా ఎల్ఈడీ లైటు పెట్టి ఫుల్లుగా పెంచాను, కెమెరాలో ఐఎస్ఓ వందకి తగ్గించాను. ఆ లైటుకి ఎవరైనా కళ్ళు చిట్లిస్తారు. అక్క రెప్ప కూడా వేయలేదు. "నీ అంత బాగా ఎవరూ కూర్చోరక్కా" అని మెచ్చుకున్నాను కూడా, వెధవని.

"అంధేరాలో కూర్చోబెట్టావేంట్రా? లైటు ఎప్పుడు వేస్తావు?" అంది.

చూపు కాస్త మసక, అంతే అని ఇన్నాళ్ళూ చెబుతోంది. బావకైనా తెలుసా?

"ఇదిగో, వేస్తున్నా" అని, వెలుగుతున్న లైటునే ఆర్పి మళ్ళీ వేశాను. స్విచ్ చప్పుడు విని అక్క నవ్వింది.

ఆ నవ్వే ఫొటోలో పడింది. చూపించమని మాత్రం అడగలేదు.