అటక మీదికి పిలుపు

నాన్నకి,

మోకాలు ఎలా ఉంది? మెట్లు ఎక్కొద్దని డాక్టరు చెప్పాడని అమ్మ రాసింది. మీరు ఎక్కుతూనే ఉన్నారని కూడా రాసింది.

ఇదంతా ఫోనులో చెప్పొచ్చుగా అంటారు. ఫోనులో మీరు “ఆఁ? ఏంటీ?” అంటారు, నేను “ఏం లేదు నాన్నా” అంటాను. అక్కడితో సరి. అందుకే కాగితం.

మన అంగడికి ఎదురుగా కొత్త బట్టల దుకాణం తెరిచారు. మా అంతస్తు ఇన్‌చార్జి అందులో చేరిపోయింది. వెళ్తూ వెళ్తూ బాగా అమ్మే అమ్మాయిలను ముగ్గురిని వెంటబెట్టుకుపోయింది. యజమాని మేడమ్ నన్ను పిలిచి ఆడవాళ్ళ బట్టల అంతస్తు మొత్తం చూసుకోమన్నారు. నేను తప్పించుకోబోయాను.

“నీ మాట నీకే వినపడదు, నాకు తెలుసు. కానీ నీ కౌంటరుకి వచ్చినవాళ్ళు మళ్ళీ నీ కౌంటరుకే వస్తున్నారు. అందులో కిటుకేంటో మిగతావాళ్ళకి నేర్పు. మూడు నెలలు చూస్తాను. అమ్మకాలు పుంజుకోకపోతే ఆ అంతస్తు గోడౌను చేసేస్తా,” అన్నారు.

మిగిలిన ఆరుగురు అమ్మాయిలూ తలుపు దగ్గర నిలబడి వింటున్నారు. వాళ్ళ మొహాలు చూసి ఒప్పుకున్నాను.

కిటుకేమీ లేదు నాన్నా. నేను అరవను, అంతే. మీరు పిలిచే గుసగుసనేగా. కాన్వెంటులో సిస్టర్లు గొంతు తగ్గించమనే చెప్పారు కానీ పెంచమని ఎవరూ చెప్పలేదు. ఎవరికైనా పెద్ద కొలత కావాలంటే నేనే నిచ్చెనెక్కి సరుకుండే అటకలోకి తల పెట్టి, అటక బాబాయ్‌ని మెల్లగా అడిగి తెచ్చేదాన్ని. ఇప్పుడు అంతస్తు అంతటికీ అదే పద్ధతి పెట్టాను. మీకు కోపం వస్తుందని తెలిసే రాస్తున్నాను. అటక మీదికి పిలుపు ఆపించేశాను.

ఇరవై ఎనిమిదేళ్ళు మీరు అటకకున్న ఆ చదరపు కంత కింద నిలబడి కొలతా రంగూ పిలిచారు. పైనుంచి అటక బాబాయ్ సరుకు బుట్టలో పెట్టి తాడుతో దింపాడు. మీ పిలుపు వీధి మలుపు దాకా వినిపించేదనీ, అంగడికి అంతకు మించిన ప్రకటన లేదనీ మీరు చెప్పుకునేవారు. నాకు మాత్రం ఒక్క పిలుపే గుర్తుంది. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ నీలం గౌను ఎంచుకుంది. “నలభై ఆరూ! నీలం!” అని మీరు పిలిచారు. అంతస్తంతా అమ్మ వైపు తిరిగింది. ఇద్దరు అమ్మాయిలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. అమ్మ గౌను బల్ల మీద పెట్టేసి “పద” అంది. రంగు నచ్చలేదని నాతో అన్నారు మీరు. ఆ తర్వాత అమ్మ మళ్ళీ అంగడి మెట్లెక్కలేదు. తన బట్టలు తనే కుట్టుకుంది. అది ఆమె ముచ్చట అని మీరు అందరికీ చెప్పేవారు. పదహారేళ్ళుగా ఇది నా లోపలే ఉంది.

ఇప్పుడు కొలత మాత్రం చీటీ మీద రాసి బుట్టలో పెడుతున్నాం. మెట్ల దగ్గర చిన్న బోర్డు కూడా పెట్టాను: “ఇక్కడ మీ కొలత ఎవరూ బయటికి చెప్పరు.” అది చదివి జనం పైకి వస్తున్నారు. అటక బాబాయ్ మాత్రం మొదటి చీటీ చూసి, “ఏంటమ్మాయ్, నోరేమన్నా అరిగిపోతుందా?” అన్నాడు.

కోప్పడితే ఉత్తరంలోనే కోప్పడండి.

మీ గుసగుస

*

నాన్నకి,

మీ నుంచి జవాబు రాలేదు. కోపమే అనుకుంటాను. అయినా మీకు తప్ప ఎవరికి రాయను?

మొదటి పది రోజులూ బాగానే గడిచాయి. ఒకటీ అరా తప్పు కొలతలు దిగేవి, సర్దుకునేవాళ్ళం. మొన్న ఆసుపత్రి నుంచి పెద్ద నర్సమ్మ ఒకావిడ వచ్చింది. భారీ మనిషి. బోర్డు చూసి వచ్చానని నాతో నెమ్మదిగా చెప్పింది. “ఎక్కడికెళ్ళినా నా నంబరు ఊరందరికీ వినిపిస్తారు తల్లీ. అందుకే బట్టలు కొనడమే మానేశా,” అంది. అద్దం వెనక కూర్చోబెట్టి, నలభై ఆరు అని నా చేత్తోనే రాసి, మా సన్నటి అమ్మాయితో చీటీ కంత కిందికి పంపాను. బుట్టలో ముప్పై నాలుగు గౌను దిగింది. ఆ పిల్ల చూసుకోకుండా తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టింది. ఆవిడ దాన్ని విప్పి పట్టుకుంది. బొమ్మ గౌనులా ఉంది నాన్నా. పక్కన ఎవరో నవ్వారు. ఆవిడ మడత పెట్టి ఇచ్చేసి, “పోన్లే, నువ్వైతే అరవలేదుగా,” అని వెళ్ళిపోయింది.

తిట్టినా బాగుండేది.

నేను కంత కింద నిలబడి అడిగాను. “బాబాయ్, అంత స్పష్టంగా రాశాను, చూడలేదా?”

“చీటీలూ గీటీలూ నాకొద్దమ్మాయ్. మీ నాన్నలా నోరారా పిలువు, తప్పొస్తే అప్పుడడుగు.”

అందరి ముందూ అన్నాడు. మాట మేడమ్ దాకా పోయింది. “కావాలని చేస్తున్నాడు. ఆడపిల్ల కింద పని చెయ్యడం అతనికి నామోషీ. అతనుంటే నీ పద్ధతి నడవదు, నీ పద్ధతి లేకపోతే ఆ అంతస్తు నడవదు. శనివారానికి అతన్ని పనిలోంచి తీసేసే కాగితం తయారుగా ఉంటుంది, ఇన్‌చార్జిగా నువ్వే సంతకం పెట్టాలి,” అన్నారు.

పెడతాను నాన్నా. చిన్నప్పుడు నన్ను బుట్టలో కూర్చోబెట్టి పైకి లాగిన మనిషి. అయినా పెడతాను. ఆవిడ ఆ గౌను పట్టుకున్న చేతులు నా కళ్ళలోంచి పోవడం లేదు. మీ స్నేహితుడు కాబట్టి ముందుగా మీకు చెప్తున్నాను.

గుసగుస

*

గుసగుసమ్మకి,

మొదటి ఉత్తరానికి జవాబు రాద్దామని నాలుగుసార్లు కూర్చున్నాను. రాయలేకపోయాను. శనివారం అంటున్నావు కాబట్టి ఇది కొరియరులో పంపిస్తున్నాను.

మీ అటక బాబాయ్‌కి చదవడం రాదు. అంకెలు కూడా రావు. ఈ సంగతి వాడి పెళ్ళానికీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.

కొత్త సరుకు వస్తే జాన వేసి కొలుచుకుంటాడు, టేపు పెట్టినా అంత సరిగ్గా రాదు. ఏ అరలో ఏ కొలతో అంతా కంఠతా. కింద నుంచి “నలభై” అని వినపడితే చెయ్యి దానంతటదే పోతుంది. మేం చేరిన కొత్తలో అక్కడ చీటీలే ఉండేవి. చదువు రానివాణ్ణి పాత యజమాని ఒక్క పూట ఉంచేవాడు కాదు. మూడో రోజే నాకు అర్థమైపోయింది. వెళ్ళి, “చీటీలతో ఆలస్యమవుతోంది సార్, నాకు గొంతుంది, పిలుస్తాను,” అన్నాను. అరుపు అలా మొదలైంది. గొంతు చూసుకుని నాకు పొగరని అందరూ అనుకున్నారు. కొన్నాళ్ళకి నేనూ అలాగే అనుకున్నాను.

నువ్వు చీటీలు పెట్టాక వాడు కంతలోంచి కింద నిలబడ్డ మనిషిని చూసి అంచనాగా దింపుతూ ఉండాలి. నర్సమ్మ అద్దం వెనక ఉంది కదా. వాడికి కనపడింది మీ సన్నటి పిల్ల.

ఇక నీలం గౌను. మీ అమ్మ ఆ సాయంత్రమే అడిగింది, “నా కొలత కూడా అరవాలా?” అని. “అది ఉద్యోగం,” అన్నాను. రంగు నచ్చలేదని నీతో అబద్ధమాడాను. వాడి పరువు కాపాడటానికి మీ అమ్మ పరువు వాడుకున్నాను. ఇన్నాళ్ళూ అది మంచితనమే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక అంత ధైర్యంగా అనుకోలేకపోతున్నాను.

నిన్న మీ అమ్మకి అంతా చెప్పాను.  “ఆ ముక్క అప్పుడే నా చెవిన వేసి ఉంటే, నలభై ఆరని నేనే అరిచేదాన్ని కదండీ,” అంది. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు.

వాడికి ఫోను చేసి, అమ్మాయికి చెప్పనా అని అడిగాను. చెప్పమనలేదు, వద్దనలేదు. “నా మొహం వంక ఎలా చూస్తుందో,” అన్నాడు. ఇచ్చిన మాట తప్పాను. నువ్వేం చెయ్యాలో నేను చెప్పను. నాకు తెలిసిన దారి ఒక్కటే, దాని ఖరీదు నీకూ తెలుసు.

నాన్న

*

నాన్నకి,

మీ ఉత్తరం శుక్రవారం అందింది. శనివారం మేడమ్ కాగితం ముందుకు తోశారు. తప్పు చీటీలది, చీటీలు నావి అన్నాను. ఆవిడకి వినపడలేదు. మళ్ళీ చెప్పాను. “ఎవరినైనా పంపించాలంటే నన్ను పంపించండి!” అన్నది మాత్రం గది బయటికి కూడా వినిపించిందట. మేడమ్ కళ్ళజోడు తీసి నా వంక చూశారు. “ఇంత గొంతు ఎక్కడ దాచావ్?” అన్నారు. తర్వాత, “రెండు నెలలే ఉన్నాయి, గుర్తుంచుకో,” అని కాగితం చింపేశారు. ఎందుకు తప్పొచ్చిందో ఆవిడకి నేను చెప్పలేదు. చెప్పను.

ఆ మధ్యాహ్నం నలభై ఆరు గౌను పట్టుకుని ఆసుపత్రికి వెళ్ళాను. “నవ్వింది నువ్వు కాదుగా, నువ్వెందుకొచ్చావ్?” అంది నర్సమ్మ. బోర్డు పెట్టింది నేనని చెప్పాను. “ఉంచి వెళ్ళు. సరిపోకపోతే వచ్చి నీ మొహాన కొడతా,” అంది. ఇంకా కొట్టలేదు. నిన్న మాత్రం ఆసుపత్రి తెల్ల బూట్లు వేసుకున్న ముగ్గురు వచ్చి, “అరవని అంగడి ఇదేనా?” అని అడిగారు.

అటక బాబాయ్ దగ్గరికి నిచ్చెనెక్కి వెళ్ళాను. నా వైపు చూడకుండా గౌనులు మడతపెడుతున్నాడు.

“బాబాయ్, నా రాత ఎవరికీ అర్థం కావడం లేదట. అందుకే తప్పులొస్తున్నాయి,” అన్నాను. చేతిరాతకి కాన్వెంటులో ఏటా బహుమతి తెచ్చుకున్నదాన్ని.

చేతిలో గౌను పక్కన పెట్టాడు. “అవునమ్మాయ్, కోళ్ళు కెలికినట్టుంది. చెప్తే బాధపడతావని ఊరుకున్నా,” అన్నాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంతకు మించి ఆ విషయం మాట్లాడలేదు.

ఎనిమిది కొలతలకీ ఎనిమిది రంగుల రిబ్బన్లు తెచ్చాను. చీటీకి బదులు బుట్టలో రిబ్బన్ ముక్క వెళ్తుంది. బట్ట రంగు నోటితోనే చెప్తాం, నీలం అని అరిస్తే ఎవరికీ నొప్పి లేదు. సోమవారం పొద్దున్నే, అంగడి తెరవకముందే, అరలకి రిబ్బన్లు కట్టడానికి వెళ్ళాం. పైకి వచ్చి ఒక్కో అర చూపిస్తానన్నాను.

“వద్దు. కింద నిలబడి పిలువు. అలా అయితేనే నా చెయ్యి పోతుంది,” అన్నాడు.

కంత కింద, మీ చోట నిలబడ్డాను నాన్నా. ముప్పై నాలుగు దగ్గర గొంతు పెగల్లేదు. ముప్పై ఆరుకి కొంచెం వచ్చింది. నలభైకి వచ్చేసరికి నాకు బాగానే అనిపించింది, ఎవరికీ చెప్పకండి. పైనుంచి ఒక్కో అరకి ముడి వేసి “ఊఁ” అంటున్నాడు. నలభై ఆరు నేను అమ్మ కోసం పిలిచాను, అంతస్తంతా మోగింది.

కింద షట్టరు ఎత్తుతున్న వాచ్‌మన్ ఆగిపోయి, మేడమ్‌ని అడిగాడట: “పెద్దాయన మళ్ళీ పనిలో చేరారా అమ్మా?”

మీ అమ్మాయి